సున్నా రాస్తే సిరా అయిపోతుందా?

ఇప్పుడే ఓ పురుగుమందుల కొట్టు చీటీ చూశా. పత్తికి ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌.ఎల్‌. (17.8 శాతం మందు ఉండే, నీళ్లలో కలిసే ద్రవం), "లీ.కు .25 మి.లీ." అని గీకి పడేశాడు మహానుభావుడు. చుక్క ముందు సున్నా లేదు. చీటీ మడతలో ఆ చుక్క చెరిగిపోతే రైతుకు కనబడేది 25. వంద రెట్లు!

అడిగితే "అంత లెక్కెందుకన్నా, ట్యాంకుకు రెండు మూతలు పొయ్‌" అంట. ఏ మూత? 100 మి.లీ. సీసాదా, లీటరు డబ్బాదా?

16 లీటర్ల ట్యాంకును 0.25తో గుణిస్తే 4 మి.లీ. 20 లీటర్లదైతే 5. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు కొడితే మొత్తం 50. అంతే కదా! మూతకు 10 పట్టిందనుకో, రెండు మూతలంటే 20, అంటే 16 లీటర్ల ట్యాంకుకు ఐదింతలు. డబ్బులు తగలడ్డాయి, పూత మీద వాలిన తేనెటీగలు చచ్చాయి. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజి ఒకటి దీనికే విడిగా పెట్టుకుంటే చాలు, దాని మీద గీతకు 0.2 చొప్పున ఉంటుంది. లాగిన మందు మగ్గు నీళ్లలో కలిపి, సగం నింపిన ట్యాంకులో పోసి, ఆపైన మిగతా నీళ్లు. ఖాళీ ట్యాంకులో ముందే మందు పోశారా, అడుగున చిక్కగా చేరి మొదటి సాళ్లకే పడుతుంది.

"సీసీ వేరు, ఎంఎల్‌ వేరు" అనేవాళ్లకో దండం. రెండూ ఒకటే సామీ! క్వార్టర్‌కు 180, నాలుగు కలిపినా ఫుల్లుకు 30 తక్కువని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

కొట్టువాడి సంగతి సరే, లేబుల్‌ రాసినవాళ్లనేమనాలి? హెక్టారుకు 100 నుంచి 125 మి.లీ. అట! మన దగ్గర హెక్టారు లెక్కన కౌలు మాట్లాడినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ఎకరం, గుంట, సెంటు, ఇవే కదా మన కొలతలు. రెండున్నరతో భాగిస్తే ఎకరాకు 40 నుంచి 50 వస్తుంది. ఆ భాగహారం రైతు నెత్తిన. బళ్లో హెక్టోలీటరు, డెకాలీటరు బట్టీ కొట్టించారుగా, చేసుకుంటాడులే! ఆ వివరమంతా చీమ తలకాయంత అక్షరాల్లో, ఎనిమిది మడతల కాగితం మీద. ఆ కాగితం కొట్టు గడప దాటితే ఒట్టు.