ఫజ్జీ లాజిక్ డ్రైవ్ పెడితే కరెంటు బిల్లు సగమవుతుందా?

‘ఫజ్జీ లాజిక్ డ్రైవ్ బిగిస్తే ఏరేటర్ల కరెంటు సగానికి తగ్గుతుంది. లో వోల్టేజి ఉన్నా మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది. ఇది ఏఐ, తానే నేర్చుకుంటుంది, సెట్టింగులతో పనిలేదు. పీఐడీకి కాలం చెల్లింది.’ భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల రైతుల ఫోన్లలో తిరుగుతున్న సందేశం సారం ఇది. డ్రైవ్ అంటే మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం. ఫజ్జీ లాజిక్ అంటే ‘కొద్ది’, ‘మధ్యస్థం’ లాంటి మాటలతో రాసిన నియమాలను బట్టి నియంత్రించే పద్ధతి. పీఐడీ అంటే తేడాను లెక్కగట్టి, స్థిరమైన అంకెలతో గుణించి సరిచేసే పాత పద్ధతి. ఫజ్జీ లాజిక్ అసలు సరుకే. దానికి తగిలించిన గొప్పలే నకిలీ.

ముందు బిల్లు సంగతి. మంచి డ్రైవ్ సామర్థ్యం 95 శాతం పైనే ఉంటుంది. మిగిలిన ఆ కాస్త నష్టాన్ని పూర్తిగా మాయం చేసినా బిల్లు సగం కాదు. వేగం తగ్గిస్తే ఆదా ఉంటుంది, నిజమే. సెంట్రిఫ్యూగల్ పంపు వేగాన్ని 10 శాతం తగ్గిస్తే దానికి కావలసిన పవరు సుమారు 27 శాతం తగ్గుతుంది. ఆ పని మామూలు వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్) కూడా చేస్తుంది. కానీ ఏరేటరు నెమ్మదిస్తే నీరు తక్కువ చిమ్ముతుంది, ఆక్సిజన్ తక్కువ కలుస్తుంది. తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) అట్టడుగుకు పడిపోయి రొయ్యలు పైకి తేలుతుంటే, మీటరు నెమ్మదిగా తిరుగుతోందని సంతోషించే రైతు ఎవరు?

లో వోల్టేజి మాట మరీ ప్రమాదకరం. డ్రైవ్ లోపల మొదట ఉండేది డయోడ్ బ్రిడ్జి. అది త్రీ ఫేజ్ 415 వోల్టులను సుమారు 560 వోల్టుల డీసీగా మారుస్తుంది. లైను 340కి పడిపోతే ఆ డీసీ 460 దగ్గరే ఆగిపోతుంది. ఆ తరువాతి ఐజీబీటీలు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) దాన్ని ముక్కలుగా కోసి మోటారుకు పంపుతాయి తప్ప కొత్త వోల్టేజిని పుట్టించవు. బావిలో ఉంటే కదా బొక్కెనలోకి వచ్చేది! వోల్టేజి పెంచాలంటే బూస్ట్ సర్క్యూట్ విడిగా ఉండాలి. ఉన్నా అదే పవరు కోసం 340 వోల్టుల దగ్గర లైను నుంచి 22 శాతం ఎక్కువ కరెంటు లాగాలి. అసలే నీరసపడిన లైను మీద అది మరో బరువు. ఒక ఫేజు పోయినప్పుడూ అంతే: డ్రైవ్ ట్రిప్ కావాలి, లేదా లోడు తగ్గించుకోవాలి.

ఇక ‘ఏఐ, తానే నేర్చుకుంటుంది’. లోట్ఫీ జాదే 1965లో ప్రతిపాదించిన ఫజ్జీ సెట్ల (కచ్చితమైన గిరి లేని గుంపుల) మీద, 1970లలో లండన్‌లో ఇంజినీరు మమ్దానీ ఆవిరి యంత్రాన్ని నడిపి చూపిన పద్ధతి ఇది. అందులో నియమాలు మనిషి రాసినవే. 48 వోల్టులు ఇవ్వవలసిన కన్వర్టరు (ఒక డీసీ వోల్టేజిని మరో వోల్టేజిగా మార్చే సర్క్యూట్) 46.2 ఇస్తోందనుకోండి. తేడా 1.8. ‘కొద్ది తేడా’ 1 వోల్టు దగ్గర, ‘మధ్యస్థ తేడా’ 3 వోల్టుల దగ్గర పూర్తిగా వర్తిస్తాయని ముందే గీసి ఉంచితే, ఈ 1.8 కొద్దిలోకి 0.6 వంతు, మధ్యస్థంలోకి 0.4 వంతు వస్తుంది. కొద్ది అయితే డ్యూటీని (స్విచ్ ఆన్‌లో ఉండే వంతును) 1 శాతం, మధ్యస్థం అయితే 4 శాతం పెంచాలన్నది నియమమైతే, కలిపి పెంచేది 2.2 శాతం. తేడా ఎంత వేగంగా మారుతోందో కూడా చేర్చితే, ఒక్కోదానికి ఏడేసి స్థాయిల చొప్పున 49 నియమాలు. ఇందులో నేర్చుకోవడం ఎక్కడుంది? నేర్చుకునే న్యూరో ఫజ్జీ పద్ధతులు వేరే ఉన్నాయి, ఫజ్జీ అన్న పేరుంటే చాలదు.

సెట్టింగులు అక్కరలేదన్నది ఇక్కడే తేలిపోయింది. ఆ 1, 3, 4 అంకెలే సెట్టింగులు. తప్పుగా పెడితే వోల్టేజి ఊగుతుంది.

పీఐడీకి కాలం చెల్లలేదు. లోడు, ఇన్‌పుట్ పెద్దగా మారని చోట రెండు మూడు గుణకారాలతో అయిపోయే పనికి 49 నియమాల పట్టిక దండగ. అయితే బూస్ట్ కన్వర్టరులో డ్యూటీ మారినకొద్దీ స్పందనే మారిపోతుంది. ఒక లోడు దగ్గర కుదిర్చిన పీఐ (పీఐడీలో ఒక రకం) మరో లోడు దగ్గర నీరసపడవచ్చు, ఊగిపోవచ్చు. మబ్బులు వచ్చిపోయే వేళ సోలార్ ప్యానెళ్ల నుంచి గరిష్ఠ పవరు రాబట్టడమూ అలాంటి పనే. అక్కడ చక్కగా రాసిన ఫజ్జీ నియమాలకు నా ఓటు.

అమ్మకానికి వచ్చినవారిని ఇన్‌పుట్ వోల్టేజి కనిష్ఠ పరిమితి ఎంతో, బూస్ట్ దశ ఉందో లేదో రాసిమ్మని అడగండి. అదే మోటారును అదే వేగంతో, మామూలు వీఎఫ్‌డీతో ఒక రాత్రి, వారి డ్రైవ్‌తో మరో రాత్రి నడిపి, రెండు మీటరు రీడింగులూ మీరే రాసుకోండి.