కుండ లోపలి వేలి గీతలు

దేవుడున్నాడని కేవలం తర్కంతో నిరూపించవచ్చని, క్రైస్తవ తత్వవేత్త ఆన్సెల్మ్ ఆ పని ఎప్పుడో చేసేశాడని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 1078 ప్రాంతంలో ఆయన వాదన ఇదీ: దేనికంటే గొప్పది ఊహించలేమో అదే దేవుడు, అది మనసులో మాత్రమే ఉంటే అన్నిటికంటే గొప్పది కాదు, కాబట్టి నిజంగానూ ఉండి తీరాలి. చదవగానే తప్పెక్కడుందో దొరకదు. 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్ పట్టుకున్నాడు: ఉనికి ఒక లక్షణం కాదు. ఊహలో వంద నాణేలైనా, నిజం వంద నాణేలైనా లెక్క ఒకటే, తేడా తెలిసేది జేబులో.

మన తార్కికుడు ఉదయనుడి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు! కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకూ కర్త ఉండాలని సుమారు వెయ్యేళ్ల కిందటే న్యాయకుసుమాంజలి అనే గ్రంథంలో వాదించాడాయన. ఇది నిర్వచనంతో కాదు, కళ్లముందున్న వస్తువుతో మొదలవుతుంది. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. చిన్నప్పుడు కుమ్మరి సారె దగ్గర గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. తడి మట్టి బొటనవేలి కింద అంచుగా లేచేది. కాల్చాక కూడా కుండ లోపల ఆ వేలి గీతలు ఉండేవి. ఉదయనుడి మాట నాకు ఎక్కింది అందుకే. మరి గింజలోంచి వచ్చే మొలక మీద ఎవరి వేలి గీతలున్నాయి? ఈ ఆక్షేపణ పాతదే, నాకింకా తీరలేదు.

మార్చిలో అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకినప్పుడు మా అమ్మ ఏడ్చేసింది. దాన్ని రుజువని చెప్పను, కొట్టిపారేయనూ లేను. దయచేసి ఉదయనుడి మీద కూడా ఒక వ్యాసం రాయండి.