పి.గుడిపాడు రన్‌వే మీద తిరుగుతున్న మెసేజి: ఒక మాజీ ఎయిర్‌మన్ జవాబు

నెల రోజుల్లో ఈ మెసేజి నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. మొదట మా మేనల్లుడు పంపాడు. చివరికి మేదరమెట్ల సెంటర్లో టీ కొట్టు దగ్గర పొగాకు రైతు ఒకాయన ఫోన్ తీసి నా కళ్లద్దాల ముందు పెట్టాడు. "మీరు ఎయిర్‌ఫోర్సులో చేశారంట గదా అన్నా, ఇది నిజమేనా? అమ్మాయి పెళ్లికి రెండెకరాలు అమ్ముదామనుకుంటుంటే బేరగాడు ఇది చూపించి రేటు తెగ్గోస్తన్నాడు" అన్నాడు. అదే మెసేజి ఇంకో బేరగాడి చేతిలో "ఇప్పుడే కొనండి, రేపు కోట్లు" అని కూడా తిరుగుతోందని తర్వాత తెలిసింది. ఒకే కాయితం, రెండు వైపులా వాడుకుంటున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నా.

మెసేజి సారం ఇది: "హైవే మీద రన్‌వే వేసి సుఖోయ్‌లు దింపారు కాబట్టి అక్కడ వైమానిక స్థావరం వచ్చేసింది. తిరువనంతపురంలోని దక్షిణ కమాండ్ దాన్ని స్వాధీనం చేసుకుంది. ఇక కలెక్టర్ మాట చెల్లదు, చుట్టూ 5 కిలోమీటర్లు రిజిస్ట్రేషన్లు బంద్. దొనకొండ, కృష్ణపట్నం కలిపి ఒకే మహా స్థావరం చేస్తున్నారు. 5 వేల ఉద్యోగాలు స్థానికులకే. యుద్ధం వస్తే మొదటి బాంబు మన మీదే."

ముందు నిజమెంతో చెప్పుకుందాం. కొరిశపాడు మండలం పి.గుడిపాడు నుంచి రేణింగవరం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పట్టీ ఉంది. ఈ ఊళ్లు పాత ప్రకాశం జిల్లావి. 2022 డిసెంబరు 29న అక్కడ మొదటి ట్రయల్ జరిగింది. 2024 మార్చి 18న మళ్లీ జరిగింది. ఆ రెండోసారి ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి తిరిగి ఎగిరాయి. సుఖోయ్-30 యుద్ధ విమానాలు, హాక్ శిక్షణ జెట్లు మాత్రం దిగలేదు. రన్‌వే మీదికి వాలుతున్నట్టు వచ్చి, చక్రాలు నేలకు తాకకుండానే మళ్లీ పైకి లేచాయి. పొలం గట్టు మీద నిలబడి చూసినవాళ్లకు ఆ మోతలో దిగిందో దిగలేదో ఎక్కడ తెలుస్తుంది? ఆ రోజు పోలీసులు ట్రాఫిక్ మళ్లించారు, విమానాలు వెళ్లాక మళ్లీ లారీలు తిరిగాయి. నిజం అంతవరకే. మిగతాది అల్లిక.

"రన్‌వే వచ్చింది కాబట్టి స్థావరం వచ్చినట్టే"

మెసేజి మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడింది కాబట్టి దీనికి కాస్త చోటు ఇవ్వాలి. నేను ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్సులో స్టోర్స్ పని చేశాను. విమానం నడపలేదు, తుపాకీ పట్టింది తక్కువ. నట్లు, బోల్టులు, టైర్లు, సీళ్లు లెక్కపెట్టాను. అందుకే స్థావరం అనగానే అందరికీ రన్‌వే కనబడితే నాకు గోదాము కనబడుతుంది.

స్టేషన్ గేటులోంచి లోపలికి నడవండి. ముందు గార్డ్‌రూమ్. అక్కడ ఎయిర్‌ఫోర్స్ పోలీసు, పక్కన డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ జవాన్లు. వీళ్లు ఎక్కువమంది ఆర్మీలో రిటైరై మళ్లీ చేరిన పెద్దవాళ్లు. తర్వాత బండ్లుండే ఎంటీ సెక్షన్లో వరసగా బౌజర్లు, క్రాష్ టెండర్లు. బౌజరంటే విమానానికి ఇంధనం పోసే ట్యాంకరు, క్రాష్ టెండరంటే మంటలార్పే బండి. ఆ వెనక టవరు, రాడార్, వాతావరణ విభాగం. దూరంగా మట్టికట్టల మధ్య ఆయుధాల గోదాములు. ఇటు మెస్సు, ఒంటరిగా ఉండేవాళ్ల బిల్లెట్లు, కుటుంబాల క్వార్టర్లు, చిన్న ఆసుపత్రిలాంటి సిక్ క్వార్టర్స్, కేంద్రీయ విద్యాలయం, క్యాంటీన్. పొద్దున్నే రన్‌వే మీద రాళ్లు, మేకులు ఏరేవాళ్లు ఒకరు, పక్షుల్ని తోలేవాళ్లు ఇంకొకరు. క్వార్టర్లో మోటారు కాలితే ఎంఈఎస్ కంప్లైంట్ పుస్తకంలో రాయాలి. నీళ్లు, కరెంటు, రోడ్లు, కట్టడాలు అన్నీ ఆ మిలటరీ ఇంజినీర్ల లెక్కే. ఇవన్నీ పగలూ రాత్రీ నడుస్తుంటేనే అది స్థావరం.

ఈ లెక్కన పి.గుడిపాడులో ఏముంది? లారీలు తిరిగే కాంక్రీటు. అక్కడ ఏఎన్-32 దిగిన రోజున దానికి కావలసిందంతా, మనుషులతో సహా, వేరే చోటి నుంచి తెచ్చారు, పని కాగానే పట్టుకుపోయారు. పెళ్లికి పందిరి వేసినంత మాత్రాన అక్కడ కాపురం పెట్టినట్టు కాదు గదా.

అసలు సాక్ష్యం మన పాత ప్రకాశం జిల్లాలోనే ఉంది, దొనకొండ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ వాళ్లు అక్కడ విమానాశ్రయం కట్టారు. యుద్ధం అయిపోయింది, మనుషులు పోయారు, సామాను పోయింది, రన్‌వే మాత్రం మిగిలింది. మా మేనత్తగారిది ఆ పక్క ఊరే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పోతే ఆ పగుళ్ల మధ్య మేకలు మేస్తుంటే మేం సైకిల్ నేర్చుకున్నాం. రన్‌వే ఉంటే స్థావరమే అయ్యేట్టయితే దొనకొండ ఎనభై ఏళ్లుగా స్థావరమే అయ్యుండాలి.

"కమాండ్ స్వాధీనం చేసుకుంది"

కమాండ్ అనగానే పాత జమీందారు గుర్తొస్తాడేమో మనవాళ్లకు. వాయుసేనకు మొత్తం 7 కమాండ్లు. అయిదు యుద్ధ బాధ్యతలు చూసేవి: పశ్చిమ, తూర్పు, మధ్య, నైరుతి, దక్షిణ. మిగిలిన రెండింటిలో బెంగళూరులోని ట్రైనింగ్ కమాండ్ శిక్షణ చూస్తుంది, నాగపూర్‌లోని మెయింటెనెన్స్ కమాండ్ మరమ్మతులు, సామాను చూస్తుంది. దక్షిణ కమాండ్ 1984 జులైలో తిరువనంతపురంలో మొదలైంది. దానికి ఎయిర్ మార్షల్ అధిపతి. ఆయన కింద ముగ్గురు పెద్ద ఆఫీసర్లు: విమానాలు ఎగరడం చూసే సాస్వో, వాటి బాగోగులు చూసే ఎస్ఎంఎస్వో, మనుషులు, కట్టడాలు, ఖర్చులు చూసే ఎస్ఓఏ. ఆ ముగ్గురి పని కలిపితేనే కమాండ్. జాగాలు పట్టుకోవడం అందులో లేదు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. ఉత్తరాదిన ఒక స్టేషన్లో ఉండగా రవాణా విమానం ఒకటి కదలకుండా కూర్చుంది. కావలసింది అరచేతిలో పట్టే రబ్బరు సీలు. మా గోదాములో లేదు. ఏఓజీ అని ఎర్ర సిరాతో డిమాండ్ రాశాం. ఏఓజీ అంటే విమానం నేల మీదే ఉండిపోయిందని. ఆ మూడు అక్షరాలు పడితే ఎవరి నిద్రయినా పాడవ్వాల్సిందే. మాట కమాండ్‌లోని మెయింటెనెన్స్ వాళ్లకు పోయింది. వాళ్లు తమ కింది స్టేషన్లన్నీ వెతికారు, దొరకలేదు. అప్పుడు నాగపూర్ కిందున్న డిపోకి పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి కొరియర్ విమానంలో సీలు దిగింది, సబ్బుపెట్టె అంత డబ్బాలో. నేను సంతకం పెట్టి తీసుకున్నాను. కమాండ్ స్టేషన్‌ని ఆదుకోవడం అంటే ఇదే. ఎవరి దగ్గర ఏముంది, ఎవరికి ఏది లోటు, ముందు ఎవరికివ్వాలి అని తేల్చడం. పెద్ద మరమ్మతులు స్టేషన్లోనూ జరగవు, కమాండ్ ఆఫీసులోనూ జరగవు. పి.గుడిపాడులో దిగిన ఏఎన్-32ల రకం విమానాల్ని పూర్తిగా విప్పి బాగుచేసేది కాన్పూర్ డిపోలో.

ఇక స్వాధీనం మాట. ఆ పట్టీని వాయుసేన ఇచ్చిన కొలతల ప్రకారం కట్టింది జాతీయ రహదారుల సంస్థ. 1956 నాటి చట్టం ప్రకారం జాతీయ రహదారి కేంద్ర ప్రభుత్వానిది. వాయుసేన దాన్ని అవసరమైనప్పుడు అడిగి వాడుకుంటుంది. కమాండ్ స్వాధీనం చేసుకుని ఉంటే టోల్ కట్టి దాని మీద మీరెట్లా పోతున్నారు?

"కలెక్టర్ మాట చెల్లదు, రిజిస్ట్రేషన్లు బంద్"

ఇది తలకిందులు వాదం. ట్రయల్ రోజున ట్రాఫిక్ మళ్లించింది రాష్ట్ర పోలీసులు, ఏర్పాట్లు చూసింది జిల్లా యంత్రాంగం. వాళ్లు లేకుండా అక్కడ ఒక్క విమానమూ దిగదు. తుపానులప్పుడూ అంతే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వేళ సైన్యం సాయం కావాలంటే అడిగేది పౌర ప్రభుత్వం, వచ్చేది సైన్యం. హైవేలు, పొలాలు మునిగిపోయినప్పుడు ఇలాంటి పట్టీ మీద సహాయ విమానం దిగగలిగితే ఎవరికి నష్టం?

రిజిస్ట్రేషన్ల విషయంలో నేను కొట్టిపారేయను. రక్షణ కట్టడాల చుట్టూ నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టే చట్టం నిజంగానే ఉంది, 1903 నాటిది. కాకపోతే అది గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, హద్దులు చెప్పి, నష్టపరిహారం లెక్కకట్టి చేసే పని. అదీ ప్రధానంగా కట్టడాల మీద. మెసేజిలో నోటిఫికేషన్ నంబరు లేదు, తేదీ లేదు, సర్వే నంబర్లు లేవు. "5 కిలోమీటర్లు" అని గుండ్రటి అంకె మాత్రం ఉంది. మన రాష్ట్రంలో ఏ భూమి రిజిస్ట్రేషన్ కాకూడదో 22ఏ జాబితాలో ఉంటుంది. మీ సర్వే నంబరు అందులో ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. బేరగాడి ఫోన్లో కాదు.

"దొనకొండ, కృష్ణపట్నం, రన్‌వే కలిపి మహా స్థావరం"

దొనకొండ ముచ్చట పైన చెప్పాను. కృష్ణపట్నంలో ఉన్నది కోస్ట్‌గార్డ్ స్టేషన్. నేవీ వేరు, కోస్ట్‌గార్డ్ వేరు. 1978 చట్టంతో ఏర్పడ్డ వేరే దళం అది. తూర్పు ప్రాంతీయ కార్యాలయం చెన్నైలో ఉంది. నేవీకి మూడే కమాండ్లు: ముంబై, కొచ్చి, విశాఖ. 26/11 తర్వాత, 2009లో, తీర భద్రత మొత్తానికి పెద్ద దిక్కు నేవీ అని తేల్చారు కాబట్టి అందరూ కలిసి పనిచేస్తారు. దానర్థం ఒకరి స్థావరాన్ని ఇంకొకరు నడుపుతారని కాదు. నెల్లూరు తీరంలో వేటకు పోయేవాళ్లకు ఈ తేడా కన్నా ముఖ్యమైన అంకె ఒకటుంది: సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

మూడు దళాలూ కలిసి ఒకే కమాండ్ కింద ఉన్నచోటు లేకపోలేదు, 2001లో పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టిన అండమాన్ నికోబార్ కమాండ్. మన దగ్గర కలిసేది ఇంకోరకంగా. నేను ఎయిర్‌ఫోర్స్ వాణ్ని, నా పెన్షన్ కాయితాలన్నీ ఎయిర్‌ఫోర్స్‌వి. బీపీ మాత్రలకు మాత్రం పోయేది ఆర్మీ చూసే మాజీ సైనికుల పాలీక్లినిక్‌కి. దాని పైవాళ్లు సికింద్రాబాద్‌లోని సబ్ ఏరియా, వాళ్ల పైన చెన్నై, ఆ పైన పుణెలోని దక్షిణ కమాండ్. ఆర్మీకీ దక్షిణ కమాండ్, వాయుసేనకూ దక్షిణ కమాండ్. మెసేజి రాసినాయన ఈ రెండూ కలిపేసుకున్నాడని నా అనుమానం.

"5 వేల ఉద్యోగాలు"

మనుషులే ఉండని చోట ఉద్యోగాలెక్కడివి? వాయుసేనలో చేరిక దేశమంతటికీ ఒకటే పరీక్ష, పక్క ఊరని కోటా ఉండదు. డబ్బు కట్టమని ఎవడైనా అంటే వాడు దొంగే.

"మొదటి బాంబు మన మీదే"

యుద్ధంలో ఏం జరుగుతుందో నేను జోస్యం చెప్పను. అయితే ఇలాంటి పట్టీలు ఎందుకు వేశారో చెప్పగలను. 1971 డిసెంబరులో పాకిస్తాన్ విమానాలు భుజ్ రన్‌వేని గుంతలు చేశాయి. పక్కనున్న మాధాపర్ ఊరి ఆడవాళ్లు, దాదాపు 300 మంది, మూడు రోజుల్లో దాన్ని బాగుచేశారు. ఒకే రన్‌వే మీద ఆధారపడితే ఎంత ఇరుకో అప్పుడే తెలిసింది. ఒకటి పోతే దిగడానికి ఇంకొకటుండాలి. అందుకే 2015లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మిరాజ్ దింపి చూశారు, 2021లో రాజస్థాన్ బాడ్‌మేర్‌లో హైవే పట్టీ ప్రారంభించారు, తర్వాత మన వంతు వచ్చింది. శత్రువు వెతికేది విమానాలు, ఇంధనం, ఆయుధాలు ఉన్నచోటు. అవి నిలవుండని కాంక్రీటు మీదే మొదటి బాంబు అని రాసినాయన, యుద్ధం గురించి కాక ఎకరం ధర గురించి ఆలోచించి ఉంటాడు.

ఆ రైతు మొన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి ఈసీ తీయించుకున్నాడు, 22ఏ జాబితా కూడా చూయించుకున్నాడు. ఆయన నంబరు అందులో లేదు. బేరగాడు మాత్రం తగ్గలేదట. ఈసారి రామాయపట్నం పోర్టు మీద మెసేజి చూపిస్తున్నాడు.