మహారాజశ్రీ హాప్ కౌంట్ గారికి

దారిలో ఎన్ని హాపులో, అంటే ఎన్ని గెంతులో, లెక్కపెట్టే మహారాజశ్రీ హాప్ కౌంట్ గారి సముఖానికి, క్యూలో పడిగాపులు పడుతున్న డేటా ప్యాకెట్లన్నీ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేం క్షేమంగా లేం.

తమరు పెద్దవారు. 2003 జులైలో ఏఓడీవీ అనే దారి వెతికే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 3561 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చినప్పుడు తమకోసం ఎనిమిది బిట్లు కేటాయించారు. నోడు, అంటే నెట్‌వర్కులో ఒక పరికరం, దాటినప్పుడల్లా ఒకటి కలపడమే ఉద్యోగం. అందరూ ఒకే ఛానెల్ మీదున్న రోజుల్లో అది చెల్లింది, కాదనం. కానీ ఇది కాగ్నిటివ్ రేడియో మానెట్: కదిలే పరికరాలే ఖాళీ ఛానెల్ చూసుకుని ఒకదానికొకటి కబురందించుకునే నెట్‌వర్క్. నోడ్లూ నిలవవు, ఛానెళ్లూ నిలవవు. మనం అద్దెకున్నవాళ్లం కూడా కాదు, ఇంటాయన ఊళ్లో లేనప్పుడు అరుగుమీద పడుకునే బాపతు. ఆ ఛానెల్‌కి లైసెన్సున్న ఆసామి వచ్చాడంటే చాప చుట్టేయాలి. టీవీ ఛానెళ్ల ఖాళీల్లో నడిచే వైర్‌లెస్ నెట్‌వర్కుల 802.22 ప్రమాణంలో అయితే ఆయన్ని పసిగట్టడానికి 2 సెకన్లు, ఖాళీ చేయడానికి మరో 2.

తమరికి ఇదేం పట్టదు. ఒక మూడు హాపుల దారి ఉందనుకోండి. వచ్చే పది సెకన్లూ ఒక్కో లింకులో ఛానెల్ ఖాళీగా ఉండే సంభావ్యత 0.7. పక్కనే నాలుగు హాపుల దారి, ఒక్కోటీ 0.95. లింకుల మధ్య సంబంధం లేదనుకుని గుణిస్తే మొదటిది 0.34, రెండోది 0.81. తమరేమో నాలుగుకన్నా మూడు చిన్నదని మొదటిదానికే తాంబూలాలిచ్చేస్తారు. పైగా తక్కువ హాపులంటే పొడుగాటి లింకులు, సిగ్నల్ అంచున వేలాడే పొరుగువాళ్లు.

ఇక మధ్యలో ఉన్న బి నోడు గోడు వినండి. దానికున్నది ఒక్క రేడియో. 3వ ఛానెల్లో విని 7వ ఛానెల్లో చెప్పాలి. 7 మీదున్నంతసేపూ 3 మీద బ్రహ్మచెవుడే. వెనకున్న ‘ఏ’ అనే నోడు, వైఫైలో ప్రసారాల వంతులు చూసే మ్యాక్ పొర అలవాటు ప్రకారం ఏడుసార్లు పిలిచి, ‘బి ఊరొదిలిపోయింది’ అని తేల్చేస్తుంది. బి అక్కడే ఉంది పాపం! అయినా ‘దారి తెగింది’ అనే ఆర్‌ఈఆర్‌ఆర్ సందేశం బయల్దేరుతుంది, దాని వెనకే ‘కొత్త దారి ఎక్కడ?’ అనే ఆర్‌ఆర్‌ఈక్యూ చాటింపు. అందరూ వినే కంట్రోల్ ఛానెల్ లేనిచోట ఆ చాటింపు ప్రతి ఛానెల్లోనూ వెయ్యాలి. యాభై నోడ్లు, పది ఛానెళ్లయితే ఒక్క వాకబుకు 500 ప్రసారాలు. ఎవరూ పలక్కపోతే మొదట 2.8 సెకన్లు, మళ్లీ 5.6, మళ్లీ 11.2 ఎదురుచూపు. ఈలోగా ఆసామి వచ్చి, పని చూసుకుని, వెళ్లిపోయి కూడా ఉంటాడు.

ఇంకో దారుణం. మంచి ఛానెళ్ల మీదుగా నిదానంగా వచ్చిన ఆర్‌ఆర్‌ఈక్యూ కాపీని, అదే ఐడీ ముందే చూశామంటూ నోడ్లు విప్పకుండానే పారేస్తాయి. పరుగెత్తుకొచ్చిన దరిద్రానికే పెద్దపీట!

తమర్ని రాజీనామా చెయ్యమనడం లేదు. రెండు దారులూ సరిసమానమైనప్పుడు తీర్పు చెప్పండి, చాలు. దారి ఖర్చులో ఛానెల్ మార్పిడి జాప్యం, క్యూలో నిరీక్షణ, మళ్లీ మళ్లీ పంపే భారం, ఛానెల్ ఇంకెంతసేపు ఖాళీగా ఉంటుందన్న అంచనా కలవాలి. ఆర్‌ఆర్‌ఈక్యూలో ప్రతి నోడూ తన ఖాళీ ఛానెళ్ల బిట్‌మ్యాప్ (ఛానెల్‌కొక బిట్ చొప్పున జాబితా) పెట్టాలి. పది ఛానెళ్లకు రెండు బైట్లు చాలు, అదేం బరువు కాదు. ఆసామి కనబడగానే ఆర్‌ఈఆర్‌ఆర్ కొట్టకుండా, పొరుగుతో ముందే మాట్లాడుకున్న బ్యాకప్ ఛానెల్‌కి ఇద్దరూ దూకాలి. అది కుదరకపోతేనే దారి తెగిందని చెప్పాలి. బ్యాకప్ కూడా అదే ఆసామిదైతే మాత్రం ఇద్దరూ కలిసి రోడ్డున పడతారు. అది చూసుకోవాలి.

ఇట్లు,
మూడు హాపుల దారిలో రెండో హాపు దగ్గర ఇరుక్కున్న ఒక ప్యాకెట్

తా.క.: జవాబిచ్చేటప్పుడు ఏ ఛానెల్లో ఇస్తున్నారో దయచేసి ముందే చెప్పండి.