హంతకుడెవరో ముందే తెలిసినా ఊపిరి బిగపట్టి చూశాను

క్రైమ్ సినిమా చూడబోతుంటే ఎవరైనా కథ చెప్పబోతే నోరు మూయిస్తాం. హంతకుడెవరో తెలిసిపోయాక ఇక చూడ్డానికేముంది అని మన లెక్క. ఆ లెక్కతోనే మొన్న మొదటిసారి 'డబుల్ ఇండెమ్నిటీ' పెట్టుకున్నాను. బిల్లీ వైల్డర్ 1944లో తీసిన నలుపు తెలుపు హాలీవుడ్ సినిమా. ఫిల్మ్ నోయిర్, అంటే నీడలు నిండిన చీకటి నేరకథల సినిమాలు, అనగానే ముందుగా వినిపించే పేర్లలో ఇదొకటి.

అర్ధరాత్రి లాస్ ఏంజెలెస్ వీధుల్లో ఒక కారు అడ్డదిడ్డంగా దూసుకొస్తుంది. అందులోంచి దిగిన వాల్టర్ నెఫ్ ఇన్సూరెన్స్ సేల్స్‌మన్. ఒంట్లో తూటా ఉంది. ఎవరూ లేని ఆఫీసులోకి వెళ్లి, మాటల్ని రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుని, హత్య చేసింది తానేనని చెప్పేస్తాడు. డబ్బు కోసం, ఒక ఆడమనిషి కోసం చేశాడట. రెండూ దక్కలేదట. సినిమా మొదలై కొద్ది నిమిషాలే అయింది, ఇంకా గంటన్నర పైనే ఉంది. దాచాల్సినదంతా దర్శకుడు ముందే బయటపెట్టేశాడు.

టైటిల్ ఇన్సూరెన్స్ వాళ్ల మాట. ప్రమాదంలో పోతే రెట్టింపు సొమ్ము ఇచ్చే షరతు అది. మన ఇళ్లలో ఎల్ఐసీ ఏజెంటు 'డబుల్ యాక్సిడెంట్ బెనిఫిట్' అని వివరించేది ఇలాంటిదే. నెఫ్ చెప్పిన ఆ ఆడమనిషే ఫిలిస్. భర్తకు తెలియకుండా అతని పేరు మీద పాలసీ తీయించాలని అడుగుతుంది. ఆమె మనసులో ఏముందో నెఫ్‌కు అర్థమవుతుంది, ముందు ఛీకొట్టి వెళ్లిపోతాడు. తర్వాత తానే ప్లాన్ వేస్తాడు. రైల్లో పోయినట్టు కనిపిస్తే యాభై వేల డాలర్లు లక్ష అవుతాయి. ఏ క్లెయిమ్ ఎక్కడ అనుమానం పుట్టిస్తుందో ఆ ఉద్యోగంలోనే నేర్చుకున్నాడు. నన్ను భయపెట్టింది ఇదే. వీడు గూండా కాదు. రోజూ టై కట్టుకుని, ఇంటింటికీ తిరిగి, నవ్వుతూ సంతకాలు పెట్టించుకునే మనిషి.

హత్య మనకు కనబడదు. భర్త కారులో ఉన్నాడు, వెనక సీటు కింద నెఫ్ దాక్కున్నాడు, ఫిలిస్ నడుపుతోంది. పక్క సీట్లో ప్రాణం పోతుంటే కెమెరా ఆమె ముఖం మీదే ఉంటుంది. ఫిలిస్‌గా వేసిన బార్బరా స్టాన్విక్ కళ్లు రోడ్డు మీద నుంచి కదలవు. సెన్సార్ నియమావళి అభ్యంతరాల వల్ల జేమ్స్ ఎం. కెయిన్ రాసిన ఈ కథ హాలీవుడ్‌లో ఏళ్ల తరబడి ఆగిపోయింది. చూపించకూడదన్న దాన్ని వైల్డర్ ఒక ముఖంతో చెప్పాడు. రక్తం చూపించినా నేనింత వణికేవాణ్ని కాదు.

తర్వాత నెఫ్ చంకకర్రలతో, కాలికి కట్టుతో భర్తలా రైలెక్కి, చివరి పెట్టె నుంచి దూకుతాడు. ఇద్దరూ శవాన్ని పట్టాల మీద పెట్టి కారెక్కుతారు. కారు స్టార్ట్ కాదు. ఫిలిస్ మళ్లీ తిప్పుతుంది, కాదు. మళ్లీ తిప్పుతుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ క్షణంలో నా గుండె వేగం నాకే తెలిసింది. స్టార్ట్ కావాలని నేను కోరుకుంటున్నాను! కాసేపటి కింద ఒక మనిషిని చంపిన వాళ్లు తప్పించుకోవాలని నాకెందుకింత టెన్షన్? హంతకుడెవరన్న ప్రశ్న వైల్డర్‌కు అక్కర్లేదు. నేను ఎవరి పక్షాన కూర్చున్నానో నాకు చూపించడమే ఆయనకు కావాలి.

ఈ చీకటిని చాలామంది స్టైల్‌గానే గుర్తుంచుకుంటారు. నిజమే, జాన్ సైట్జ్ కెమెరా మరువలేనిది. బయట కాలిఫోర్నియా ఎండ మండుతుంటే ఫిలిస్ ఇంట్లో పట్టీల కర్టెన్ నీడలు జైలు ఊచల్లా గోడల మీద, మనుషుల మీద పడతాయి. యుద్ధం వల్ల ఆగిపోయిన అమెరికా సినిమాలు 1946లో ఫ్రాన్స్‌లో ఒక్కసారిగా విడుదలైనప్పుడు అక్కడి విమర్శకులు ఈ నలుపును చూసే 'నోయిర్' అన్నారు, ఫ్రెంచిలో నలుపు అని అర్థం. కానీ నీడలకన్నా నన్ను పట్టుకున్నది నెఫ్ కంపెనీలోనే క్లెయిమ్స్ మేనేజర్ కీస్, ఆ పాత్ర వేసిన ఎడ్వర్డ్ జి. రాబిన్సన్. ఇది ఆత్మహత్య అని కంపెనీ పెద్ద అంటే, ఆత్మహత్యల లెక్కలన్నీ గడగడా అప్పజెప్పి, గంటకు పదిహేను మైళ్ల వేగంతో వెళ్లే రైలు వెనక నుంచి దూకి చచ్చినవాడు ఒక్కడూ లేడని తేల్చేస్తాడు. నకిలీ క్లెయిమ్ వస్తే అతనికి కడుపులో తిప్పుతుంది. హత్యను దాదాపు పసిగడతాడు. పసిగట్టలేనిది ఒక్కటే, హంతకుడు తనకు ఇష్టమైన కుర్రాడని. ఈ సినిమాలో నిజమైన ప్రేమ నెఫ్, ఫిలిస్‌ల మధ్య లేదు. నెఫ్, కీస్‌ల మధ్య ఉంది. నెఫ్ ఒప్పుకోలు పోలీసులకు కాదు, కీస్‌కే.

కీస్ దగ్గర చుట్ట ఉంటుంది, అగ్గిపుల్ల ఉండదు. సినిమా పొడుగునా నెఫ్ గోటితో పుల్ల గీసి అతనికి అందిస్తుంటాడు. చివర్లో పారిపోబోయి ఆఫీసు గుమ్మం దగ్గరే కూలబడతాడు. సిగరెట్ నోట పెట్టుకుంటాడు గానీ పుల్ల గీసే సత్తువ లేదు. కీస్ పక్కన కూర్చుని, ఆ పుల్ల తీసుకుని, గీసి వెలిగిస్తాడు. గ్యాస్ ఛాంబర్‌లో నెఫ్‌కు మరణశిక్ష వేసే సీన్ కూడా వైల్డర్ ఖర్చుపెట్టి తీశాడు, తీసి పక్కన పెట్టేశాడు. కీస్ గీసిన ఆ పుల్ల తర్వాత ఏం చూపించినా ఎక్కువే అయ్యేది.