మూడంగుళాలు తక్కువైన పెళ్లికొడుకు

మా జిల్లా పేరు పూర్తిగా రాయాలంటే 'పొట్టి' అని రాయక తప్పదు. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. అది ఆయన ఇంటిపేరు. 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలితే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గానీ, ఆయన ఎత్తెంతని ఇన్నేళ్లలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మా మేనల్లుణ్ణి మాత్రం నాలుగు సంబంధాలవాళ్లు అడిగారు.

వాడు 5 అడుగుల 4 అంగుళాలు. వాళ్లకు 5 అడుగుల 7 అంగుళాలు కావాలట. రొయ్యకు కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయనే లెక్క) ఎట్టాగో పెళ్లికొడుక్కి అడుగులు అట్టాగ, తేడా వస్తే రేటు పడిపోద్ది. ఈ సిద్ధాంతం నాది కాదు, ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్న మా బావది. అందుకని కాళ్లు పొడుగు చేసే ఆపరేషన్‌కి ఇంట్లో తీర్మానమైపోయింది. ఏ రాడ్డు వేయించాలో తేల్చడానికి మా వరండాలో ఉన్నతస్థాయి సంఘం కూర్చుంది. బావ, అక్క, బోరు మోటార్లు బాగుచేసే ఒక చుట్టం, నేను. ఎముకల డాక్టరును పిలవలేదు. పిలిస్తే వద్దంటాడేమోనని.

ముందు రష్యా ఫైలు తెరిచాం. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టరు 1950ల్లో కనిపెట్టిన కిటుకు ఇది. ఎముకను కోసి, కాలి చుట్టూ రింగులు బిగించి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ పోతే ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. ఆ మిల్లీమీటరు కూడా ఒకేసారి కాదు, పావు పావుగా నాలుగుసార్లు. 1964 ఒలింపిక్స్ హైజంప్‌లో బంగారు పతకం కొట్టిన బ్రుమెల్, మోటారుసైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయితే చివరికి ఈయన దగ్గరికే చేరాడు. అంటే నడవలేనివాణ్ణి నడిపించడానికి పుట్టిన విద్య. ట్రంకు రోడ్డంతా చక్కర్లు కొట్టేవాణ్ణి నెలల తరబడి మంచానికి కట్టేయడానికి కూడా పనికొస్తుందని తర్వాతివాళ్లు కనిపెట్టారు.

రింగుల్లో చిక్కేమంటే, వాటిని ఎముకకు పట్టించే తీగలు చర్మంలోంచి బయటికి వస్తాయి. ఆ రంధ్రాలను శుభ్రంగా ఉంచుకోకపోతే చీము పడుతుంది. "నెల్లూరు దోమలకి కాళ్లు అప్పజెప్పి కూర్చుంటామా?" అని అక్క కొట్టిపారేసింది. అసలు బాధ, చూపులకొచ్చినవాళ్లకు కనపడతాయని.

రెండో ఫైలు లోపలి రాడ్లది. ఎముక మధ్య బోలులోకి దించేస్తారు. జర్మనీలో పుట్టిన ఫిట్‌బోన్‌లో నిజంగానే బుల్లి కరెంటు మోటారు ఉంటుందనగానే మా చుట్టం ముందుకు జరిగి "ఎన్ని హెచ్‌పీ?" అన్నాడు. 2011లో అమెరికాలో అనుమతి వచ్చిన ప్రిసైస్‌లో అయస్కాంతం. తొడ మీద ఒక పరికరం ఆనిస్తే లోపల రాడ్డు కాస్త కాస్తగా సాగుతుంది. "బోరులో మోటారు ఇరుక్కుంటే పైపులతో సహా పైకి లాగుతాం. ఇది ఇరుక్కుంటే?" అన్నాడు. ఆ రోజు సంఘంలో పనికొచ్చిన ప్రశ్న అదొక్కటే. ఇరుక్కుంటే మళ్లీ కోయాలి. ఇరుక్కోకపోయినా ఎముక గట్టిపడ్డాక తీయించడానికి ఇంకోసారి కోయాలి. ఆ అయస్కాంతం ఒంట్లో ఉన్నన్నాళ్లు ఎంఆర్ఐ మాట ఎత్తకూడదు. ఎముక గట్టిపడేదాకా దానిమీద పూర్తి బరువు మోపకూడదు, రెండు కాళ్లకూ ఒకేసారి వేస్తే చక్రాల కుర్చీయే గతి. మావాడు 84 కిలోలు.

బరువు మోసే రాడ్డు లేదా అంటే, వచ్చింది. స్ట్రైడ్ అని, 2018లో, స్టెయిన్‌లెస్ స్టీలుది. రెండు గొట్టాలు కలిసే చోట తుప్పు, చుట్టూ ఎముకలో మార్పులు కనపడి 2021లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. "మైపాడు ఉప్పుగాలికి మన గేటే మూడేళ్లు ఆగలా" అని బావ తలాడించాడు.

ఇక లెక్క. మూడంగుళాలంటే 76 మిల్లీమీటర్లు. 76 రోజులు, పావు పావుగా ఒక్కో కాలికి 304 సార్లు. సాగింది గట్టిపడటానికి ఇంకొన్ని నెలలు. కండరాలూ నరాలూ ఎముకంత తేలిగ్గా లొంగవు, రోజూ ఫిజియోథెరపీ చేయకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. ఎముక తొందరపడి ముందే అతుక్కోవచ్చు, అసలు అతుక్కోకనూ పోవచ్చు. రాడ్డు దించడానికి ఎముక లోపల తొలిచేటప్పుడు కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికే వస్తుంది. నేను ఇదంతా చదువుతుంటే బావ ఫోన్లో రొయ్య రేటు చూసుకుంటున్నాడు.

కిలో వంజరం కొనాలంటే మొప్ప ఎత్తి ఎరుపు చూసి, కన్ను చూసి, వేలితో నొక్కి, మూడు తట్టలు దాటి నాలుగో తట్ట దగ్గర గొంతుక్కూర్చునే మనిషి ఆయన. ఆపరేషన్ చేసే డాక్టరు ఇంతకుముందు ఎన్ని కాళ్లు సాగదీశాడు, తేడా కొడితే ఎవరు చూస్తారు అని అడుగుదామంటే, "పెద్దాసుపత్రే గదా!" అనేశాడు.

అప్పటిదాకా లోపల చింతపండు పిసుకుతున్న మా అమ్మ గడప దగ్గరికొచ్చి, "ఒరే, సాగదీసేది తొడలే గదా. పీటల మీద కూర్చున్నాక అది ఎవరికి కనపడుద్ది?" అంది.

నిజమే. తొడలు ఎంత సాగినా కూర్చున్న ఎత్తు వెంట్రుకవాసి పెరగదు. ఆ బిగుసుకున్న మోకాళ్లతో పీట మీద మఠం వేసుకోగలడా అన్నది ఇంకో ప్రశ్న. సంఘం ఈ అంశాన్ని పరిశీలనకు స్వీకరించి, పులుసు చల్లారిపోతుందని లేచింది.

సాయంత్రం మేనల్లుడు రెండంగుళాల మడమలున్న బూట్లు కొనుక్కొచ్చాడు. "మామా, ఇంకో అంగుళమే తక్కువ. అది నువ్వు వాళ్లతో బేరమాడు" అన్నాడు.