డిక్కీలో వచ్చే కోడిపిల్లలకు పూచీ ఎవరిది?

అనంతపురంలో ఇప్పుడు కోడిపిల్లలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. కడక్‌నాథ్, అసీల్, ఏ జాతి కావాలన్నా వీడియో చూసి ఫోన్‌పే కొడితే చాలు, ఒకట్రెండు రోజుల్లో పార్సిల్ ఆఫీసు దగ్గర అట్టపెట్టె దింపుకోవచ్చు. తమిళనాడులోని నామక్కల్, హోసూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా మన ఊరికే వస్తుంది కాబట్టి రవాణాదేముందిలే అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

‘మూడు రోజులు మేత, నీళ్లు అక్కర్లేదు సార్’ అంటారు అమ్మేవాళ్లు. అబద్ధం కాదు. గుడ్డు పగిలే ముందు మిగిలిన సొన పిల్ల కడుపులోకి చేరుతుంది, దాంతో 72 గంటల దాకా నెట్టుకొస్తుంది. అయితే ఆ లెక్క పిల్ల పుట్టినప్పుడు మొదలవుతుంది, మనం డబ్బు వేసినప్పుడు కాదు. ట్రేలోని గుడ్లన్నీ ఒకే గంటలో పగలవు. ముందు పుట్టినది మిగతావాటి కోసం ఆగాలి. ఆపై ఆర్డర్లు పోగయ్యేదాకా ఏజెంటు దగ్గర ఒక రాత్రి, బస్సులో ఇంకో రాత్రి. బెంగళూరులో బండి మారితే అదనంగా ఒక పూట.

పైగా అది తిండి లెక్క మాత్రమే. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. డిసెంబరు రాత్రి బస్సు డిక్కీలో చలికి ఒకదానిమీద ఒకటి పడి అడుగువి ఊపిరాడక చస్తాయి. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే మా ఎండకు నోళ్లు తెరుచుకుని వగరుస్తాయి. పెట్టెకు చిల్లులు ఉంటాయి, నిజమే. ఆ చిల్లులకు ఆనించి క్లీనరు ఉల్లిగడ్డల మూట పెడితే అడిగేదెవరు?

అమెరికాలో 1918 నుంచి తపాలాశాఖే కోడిపిల్లలను చేరవేస్తోంది. అంత పాత ఏర్పాటులోనూ 2025లో డెలావేర్ రాష్ట్రంలో దాదాపు 12 వేల పిల్లలున్న ట్రక్కు మూడు రోజులు అలాగే ఉండిపోయింది, వేలల్లో చచ్చాయి. మన దగ్గర బస్సు డ్రైవరుతో మాట్లాడుకుని పంపే పెట్టెకు రసీదైనా సరిగా ఉండదు.

‘చచ్చినవాటికి డబ్బు వాపస్’ అనే హామీ వినడానికి బాగుంటుంది. పెట్టె విప్పుతూ వీడియో తీయాలట. కానీ ప్రయాణంలో వడలిన పిల్ల చాలాసార్లు పెట్టెలో చావదు. ఇంటికొచ్చాక రెండో రోజో మూడో రోజో తల వాల్చేస్తుంది. అప్పుడు ఫోన్ చేస్తే ‘వెచ్చదనానికి మీరు పెట్టిన బల్బు సరిగా లేదు’ అంటారు. నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇక్కడే.

జాతి సంగతీ అంతే. ఒక రోజు వయసు పిల్లను చూసి అది అసలు కడక్‌నాథో, సంకరమో, పుంజో పెట్టో మామూలు మనిషి తేల్చుకోలేడు.

నష్టం ఆ పెట్టెతో ఆగితే బాగుండు. తెల్లపారుడు రోగం తల్లికోడి నుంచి గుడ్డు ద్వారానే పిల్లకు వస్తుంది. తెచ్చినవాటిని నేరుగా పెరట్లో వదిలితే ఇంట్లో ఉన్న నాటుకోళ్లకూ ముప్పే. కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు 5-7 రోజుల వయసులో వేయాలి. పార్సిల్ పిల్లకు అసలు వయసెంతో ఎవరికి తెలుసు? 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలతో పాటు కర్నూలు నగరంలోనూ బర్డ్ ఫ్లూ తేలింది. క్రికెటర్ ధోనీ 2020లో ఆర్డరిచ్చిన 2,000 కడక్‌నాథ్ పిల్లలు 2021 జనవరిలో ఆగిపోయిందీ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడినందుకే.

పది, ఇరవై పిల్లలు పెంచుకునేవాళ్లు నాలుగు వారాలు పెరిగి, టీకాలు పడిన వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి జాతుల పిల్లలను దగ్గర్లోనే కళ్లతో చూసి కొనుక్కోవడం మేలు. ధర ఎక్కువే, కానీ చచ్చినవి కూడా లెక్కేస్తే ఆ తేడా పెద్దగా మిగలదు. పార్సిలే కావాలంటే ముందు ఒక్కటి అడగండి: పెట్టెమీద పిల్లలు పుట్టిన తేదీ, గంట, వేసిన టీకా రాసి పంపుతారా? తటపటాయిస్తే అడ్వాన్సు వేయకండి. జీవాలను ఎక్కించుకునే ట్రావెల్స్‌కు కూడా ఆ చీటీ లేని పెట్టె తీసుకోకూడదని రవాణా, పశుసంవర్ధక శాఖలు గట్టిగా చెప్పాలి.